తపేలా మీద కనిపించిన పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏడాదికి ఒక్కసారి మాత్రమే అటక దిగే ఇత్తడి తపేలా ఒకటి ఉండేది. భాద్రపదం చివర వచ్చే అమావాస్యనాడు, అంటే పెద్దలకు పెట్టుకునే రోజున, మా అవ్వ దాన్ని తానే దించి, తానే కడిగి, అందులోనే అన్నం వండేది. ఆ పూట గడిచాక అది మళ్లీ అటక ఎక్కేది. మిగతా రోజుల్లో ఎన్ని సామాన్లు చాలకపోయినా దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. ఎందుకని ఎవరూ అడిగేవారు కూడా కాదు. ఇంట్లో కొన్ని పనులు అలా జరిగిపోతుంటాయి, అంతే.

మాది బత్తలపల్లెకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. నేను ఐదో తరగతి ముగించిన ఎండాకాలం అది. వరసగా రెండేళ్లు వానలు సరిగ్గా పడలేదు. వేసిన శెనక్కాయ చేలోనే ఎండిపోయింది. పెద్దవాళ్లకు పొలం పని లేదు, పిల్లలకు బడి లేదు. మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాయన కష్టపడి సంతకం పెట్టేవాడు, తాతకూ అవ్వకూ అదీ రాదు. అందుకని ఎక్కడ ఏ అక్షరం కనబడినా చదివి వినిపించడం నా పని అని నేను గట్టిగా నమ్మేదాన్ని. అగ్గిపెట్టెల మీద రాతలు కూడా వదిలేదాన్ని కాదు.

ఏటా ఎండాకాలంలో సామాన్లకు కళాయి పోయడానికి ఒక సాయబు తాత వచ్చేవాడు. మా వాకిలికి ఎదురుగా వేపచెట్టు నీడలో గుంత తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు రాజేసేవాడు. ఆ ఏడు మా అవ్వ రోజువారీ గిన్నెలతో పాటు అటక మీది తపేలాను కూడా తెచ్చి ఆయన ముందు పెట్టింది. అదెప్పుడూ జరగలేదు. సాయబు తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలే కాదు బయట కూడా ఇసుకతో తోమాడు. ఏళ్ల తరబడి పట్టిన మసి వదిలేసరికి అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి.

నేను పరుగెత్తుకెళ్లి చదవబోయాను. మొదటి అక్షరం ఎంత చూసినా అర్థం కాలేదు. తర్వాతవి మాత్రం తెలిసినట్టే ఉన్నాయి. న్నూ, ర, మ్మ. ఏదో న్నూరమ్మ. పొన్నూరమ్మా, చెన్నూరమ్మా అని నాలో నేనే అనుకుంటుంటే సాయబు తాత నవ్వాడు.

“అది తెలుగు కాదు పాపా, కన్నడం. హొన్నూరమ్మ అని ఉండాది. ఇది బళ్లారి పక్క సామాను. యెవురు ఈ హొన్నూరమ్మ?”

ఎవరో నాకు తెలియదు. మా అవ్వ పేరు అది కాదు. అమ్మ పేరు కాదు. అత్తల్లో ఎవరి పేరూ కాదు. తాత వాళ్లమ్మ పేరు కూడా వేరే. ఆమె నేను పుట్టకముందే పోయినా, తాత రోజూ ఏదో ఒక మాటకు ఆమెను తలుచుకునేవాడు కాబట్టి ఆ పేరు నాకు బాగా తెలుసు. మా ఇంట్లో ఎవరిదీ కాని పేరు మా ఇంటి తపేలా మీద ఎందుకుందో నాకు అంతుపట్టలేదు. నాయనను అడిగాను. “పాత సామాను, ఎవురిదో ఏమో. వదిలేయ్” అని చుట్ట ముట్టించుకున్నాడు.

మధ్యాహ్నం అవ్వ చింతకాయలు కొట్టి గింజలు తీస్తుంటే పక్కన చేరి అడిగాను. ఆమె చేతిలోని రాయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. నేను కదలలేదు. చివరికి రాయి పక్కన పెట్టి, ముందున్న నాపబండను చేత్తో తుడిచింది.

“ఇంట్లో యెవురెవురు ఉన్న్యారో తెల్సుకోవాలంటే ముందు నీ నుంచి మొదులుపెట్టాల” అని ఒక చింతగింజ తీసి బండ మీద పెట్టింది. అది నేను. దాని పైన రెండు గింజలు, అమ్మా నాయనా. అమ్మ గింజ పైన ఇంకేమీ పెట్టలేదు. ఆ పక్క సంగతి మీ అమ్మనే అడుగు, నాకు సరిగ్గా తెలియనిది నేను చెప్పకూడదు అంది. నాయన గింజ పైన రెండు పెట్టింది, తానూ తాతా. తన గింజను కాస్త పక్కకు జరిపి, తాత గింజ పైన తాత వాళ్ల నాయనకు ఒకటి పెట్టింది. తర్వాత తాత వాళ్లమ్మ చోట గింజలు పెట్టి చెయ్యి తీసేసింది.

అక్కడ రెండు గింజలున్నాయి.

“అవ్వా, ఈడ రెండు పెట్టినావే?”

“పెట్టినానా?”

“తాతకు వాళ్లమ్మ ఒక్కతే కదా. ఒకటి తీసేద్దునా?”

“నేను పెట్టిన గింజను నువ్వెందుకు తీస్తావు. ఉండనీ.”

ఆమె నా మొహంలోకి చూడలేదు. మళ్లీ రాయి అందుకుంది. నేను ఆ రెండు గింజల వైపే చూస్తూ కూర్చున్నాను. నాకు పదేళ్లే అయినా, అవ్వ చెయ్యి లెక్క తప్పేది కాదని తెలుసు. మరి ఎవరిని అడగాలి అని అడిగాను. అందరికన్నా పెద్దవాళ్లు ఎవరో వాళ్లను అడగాలి, అదీ తొందరగా అడగాలి అంది. మా బంధువులందరిలోకీ పెద్దది తాత వాళ్లక్క. ఆమెను మేం పెద్దవ్వ అనేవాళ్లం. పెళ్లయి పోయిన విడపనకల్లులోనే కొడుకు దగ్గర ఉండేది. తాత పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఆమెకు ఒంట్లో బాగుండడం లేదని అంతకు ముందు వారమే కబురొచ్చింది.

సాయంత్రం తాత సంగటి తినేటప్పుడు అవ్వ మామూలుగా మాట కదిపింది. “మీ అక్కను చూసి శానా దినాలాయ. పనులు గూడా ఏం లేవు. పాపను పిల్చుకోని ఒకసారి పోయిరాకూడదా?” తాత సరేనన్నాడు. ఆయనకు ఆ తపేలా సంగతి గానీ, నా అనుమానం గానీ తెలియవు. అవ్వ బెల్లంతో పప్పుండలు కట్టి ఇచ్చింది. నా బడి నోటుబుక్కులో మిగిలిన తెల్లకాగితాలు చించి, దారంతో కుట్టి నా చేతిలో పెట్టింది. “యెవురేం చెప్తే అది రాయి. యెవురు చెప్పినారో వాళ్ల పేరు గూడా పక్కన రాయి” అని మాత్రం చెప్పింది.

అనంతపురంలో బస్సు మారి ఉరవకొండ మీదుగా పోయాం. ఎర్రనేల పోయి నల్లరేగడి మొదలైంది. కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని తాత దారి పొడవునా వాళ్లమ్మ గురించే చెప్పాడు. ఆయన చిన్నతనంలో ఇంట్లో గింజల్లేని రోజుల్లో ఆమె సంగటి ముద్ద ఆయనకు పెట్టి, తాను కుండ కడిగిన నీళ్లు తాగేదట. ఆయనకు జ్వరమొస్తే భుజాన వేసుకుని ఏడు మైళ్లు నడిచిందట. “అట్లాంటి తల్లి ఇంకెవురికీ ఉండదు పాపా” అన్నాడు. నేను ఒళ్లో నోటుబుక్కు గట్టిగా పట్టుకున్నాను. బండ మీది రెండు గింజలు కళ్ల ముందు కదిలాయి. అడగకుండా ఉంటే మంచిదేమో అనిపించింది. కానీ తెలుసుకోవాలన్న కోరిక అంతకన్నా గట్టిగా ఉంది. ఆ రెండింటి మధ్య నలిగిపోవడం జీవితంలో నాకు అదే మొదటిసారి.

పెద్దవ్వకు కళ్లకు పొరలు కమ్మాయి. నా మొహాన్ని రెండు చేతులతో తడిమి, తమ్ముడి ముక్కే వచ్చింది అని మురిసిపోయింది. పప్పుండ ఒకటి కొరకబోయి, పళ్లు లేవని పక్కన పెట్టేసింది. భోజనాలయ్యాక వాకిట్లో నీడపట్టున కూర్చున్నప్పుడు నేను నోటుబుక్కు తెరిచాను. కాగితాల చప్పుడు విని ఏం రాసుకుంటున్నావని అడిగింది. మనవాళ్ల పేర్లన్నాను. ఆమెకు ఉత్సాహం వచ్చింది. అవ్వ చెప్పినట్టే నా పేరు దగ్గర మొదలుపెట్టి పైకి పోయాను. తాత వాళ్ల నాయన పేరు, ఆయన అన్నదమ్ముల పేర్లు, ఎవరు ఏ ఊరికి పోయారు, ఎవరికి ఏ పొలం ఉండేది, ఆమె ఆగకుండా చెబుతూనే ఉంది. నా రాత ఆమె మాటల వేగాన్ని అందుకోలేకపోయింది. తాత పక్కనే గోడకు ఆనుకుని తానూ వింటూ, తనకు తెలియని పేరు వచ్చినప్పుడల్లా తల ఊపుతున్నాడు.

ఆ ఊపులో నేను అడిగేశాను. “హొన్నూరమ్మ ఎవరు పెద్దవ్వా?”

కనబడని ఆమె కళ్లు తాత కూర్చున్న వైపు తిరిగాయి.

“యెవురు చెప్పినారు నీకా పేరు?”

“ఎవరూ చెప్పలేదు. మా తపేలా మీద ఉంది. కన్నడంలో.”

“ఆ తపేలా ఇంకా ఉండాదా?” అంది. అడిగింది నన్ను కాదు, ఎవరినీ కాదు.

తాత గోడకు ఆనుకున్నవాడు ముందుకు వంగాడు. “యెవురుక్కా హొన్నూరమ్మ?”

పెద్దవ్వ చాలాసేపు తన చీర కొంగును వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది. తర్వాత చెప్పింది. “చెప్పనని చిన్నమ్మ చేతిలో చెయ్యేసినాను నాయనా. ఆమె పోయి ఎన్నేండ్లాయ. నేను గూడా పోతే ఇంక ఆ పేరు తెల్సినోళ్లు ఉండరు.” చుట్టుకున్న కొంగు వదిలేసింది. “మనమ్మ.”

తాతకు మొదట అర్థం కాలేదు. చిన్నమ్మ ఎవరు అన్నాడు. అప్పుడు పెద్దవ్వ మొదటి నుంచి చెప్పుకొచ్చింది. నేను రాయడం మరిచిపోయి విన్నాను.

వాళ్లను కన్న తల్లి పేరు హొన్నూరమ్మ. పుట్టిల్లు బళ్లారి పక్క. పెళ్లికి వాళ్ల నాయన ఇచ్చిన తపేలా అది. తాత కడుపులో ఉన్నప్పుడే పెద్ద కరువొచ్చింది. చింతగింజలు ఉడకబెట్టుకుని, కలబంద వేళ్లు తవ్వుకుని తిన్నారట. తాతకు తొమ్మిది నెలలప్పుడు ఆమె జ్వరంతో పోయింది. పెద్దవ్వకు అప్పుడు ఎనిమిదేళ్లు. కొన్ని నెలలకు నాయన ఇంకో ఆమెను చేసుకున్నాడు. ఆ వచ్చినామెకు పదిహేడు పద్దెనిమిదేళ్లుంటాయి. వచ్చిన రోజే పిల్లవాణ్ని ఒడిలోకి తీసుకుంది. ఆ తర్వాత ఊరు వదిలి కరువు పనులు జరిగే చోటికి, అక్కడి నుంచి బత్తలపల్లె వైపుకు నడిచిపోతూ ఆమె పెద్దవ్వను పక్కకు పిలిచి ఒకటే అడిగిందట. వీడికి తల్లి లేదని ఎప్పటికీ తెలియనివ్వకు అని. కొత్త ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఆమెకు పిల్లలు పుట్టలేదు. ఆయనే ఆమెకు బిడ్డ, ఆమే ఆయనకు తల్లి.

దారిలో తిండికి లేనప్పుడు ఆమె తన పుట్టింటి వాళ్లిచ్చిన సామానంతా ఒక్కొక్కటిగా ఇచ్చి జొన్నలు తెచ్చిందట. హొన్నూరమ్మ తపేలాను మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది. పెద్దల అమావాస్యకు అందులోనే వండి, ఎవరికి పెడుతున్నదీ పైకి అనకుండా పెట్టేది. అంతవరకు విన్నాక నాకు మా అటక గుర్తొచ్చింది. ఆమె చేసిన పనినే మా అవ్వ ఇన్నేళ్లూ చేస్తూ వచ్చిందని అర్థమైంది.

తాత ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఆయన ఏడవలేదు. అరవై దాటిన మనిషి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చిన్నపిల్లవాడిలా అడిగాడు. “నన్ను ఎత్తుకునిందా అక్కా, ఆమె?”

“ఎత్తుకునిందా అంటావేమప్పా. దించితే గదా. నాకియ్యమ్మా అంటే గూడా ఇచ్చేది కాదు.”

తాత తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నాడు. “చిన్నమ్మ అనద్దుక్కా. ఆమెను గూడా అమ్మనే అను.” పెద్దవ్వ అలాగేనంది.

మర్నాడు పొద్దున తాతా నేనూ ఊరి చివరి చేలగట్టు దాకా నడిచాం. హొన్నూరమ్మను పూడ్చిన చోటు అక్కడెక్కడో ఉండాలి. పెద్దవ్వ చెప్పిన గుర్తులేవీ అక్కడ లేవు. దగ్గర్లో మేకలు కాస్తున్న ఒక ముసలాయన మా మాట విని, ఆమె సంగతి తన నాయన చెప్పగా విన్నానన్నాడు. “జరం ఏం కాదు. కడుపుకు లేక పోయినాది. పిల్లోనికి పాలు రాల్లని ఉన్నదంతా తినమంటే, పెద్ద పాపకు పెట్టి తాను తినింది కాదంట.” తాత ఆయనకు చెయ్యెత్తి దండం పెట్టి, ఆ గట్టు మీద చాలాసేపు ఊరికే నిలబడ్డాడు.

ఇంటికి రాగానే తాత అవ్వను అడిగిన మొదటి మాట, “నీకు తెల్సునా?” అవ్వ దాచలేదు. తెలుసంది. తన అత్త పోయే ముందు మాట తీసుకుందంది. ఆ తర్వాత రెండు రోజులు తాత ఆమెతో మాట్లాడలేదు. పెట్టింది తిని లేచిపోయేవాడు. ఇదంతా నా వల్లే కదా అని అవ్వ దగ్గర కూర్చుని ఏడిచాను. ఆమె నా జడ అల్లుతూ నెమ్మదిగా చెప్పింది. “నేను చెప్పనని మాటిచ్చినాను. నువ్వు అడగవని యెవురికీ మాటియ్యలే. చెప్పకుండా పోతే ఆ తల్లికి అన్యాయం చేసినట్ల, చెప్తే ఈ తల్లికి. నేనేం చేసేది చెప్పు? నీకు చదువొచ్చేదాకా చూసినాను.”

అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఆ ఏడే ఆ తపేలా సాయబు తాత ముందుకు ఎందుకొచ్చిందో. గింజ పెట్టి మాట దాచుకున్న ఆ పని తప్పా ఒప్పా అని ఇన్నేళ్లలో చాలాసార్లు ఆలోచించాను. నాకు ఇప్పటికీ తేలలేదు. నేనైనా అంతకన్నా బాగా చేసి ఉండేదాన్ని కాదని మాత్రం తెలుసు.

కళ్లు తుడుచుకుని నోటుబుక్కు తెచ్చాను. పెద్దవ్వ జ్వరమంది, మేకల తాత ఆకలన్నాడు, ఏది రాయాలని అడిగాను. “రెండూ రాయి. ఎవురు ఏం చెప్పినారో అట్లనే రాయి. మనం చూసినామా, ఒకటి కొట్టేసేదానికి” అంది అవ్వ. అలాగే రాశాను. ఆ కాగితం మీద ఆ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి.

మూడో రోజు తాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “నా పేరు పైన ఎవురెవురిని రాసినావో చదువు” అన్నాడు. చదివాను. తల్లి అన్న చోట ఇద్దరి పేర్లూ, ఒకదాని కింద ఒకటి. మళ్లీ చదవమన్నాడు. చదివాను. హొన్నూరమ్మ అన్న అక్షరాల మీద వేలు పెట్టి, ఇదేనా అని అడిగి, కాగితం నలగకుండా మెల్లగా నిమిరాడు. తర్వాత లోపలికి చూసి, “ఏమే, మజ్జిగ ఉంటే కొంచెం ఇయ్యి” అన్నాడు. అవ్వ లేచిన వేగం నాకింకా గుర్తుంది. ఆ ఏడు పెద్దల అమావాస్యకు తాత తానే విస్తరి ముందు కూర్చుని ఇద్దరు తల్లుల పేర్లూ పైకి చెప్పి నీళ్లు వదిలాడు. ఆ ఇంట్లో పెద్దలకు పెట్టేటప్పుడు ఆ మొదటి పేరు పైకి వినబడడం అదే తొలిసారి.

తర్వాత కూడా ఆ కాగితాలు అప్పుడప్పుడు తీసి చూసుకునేదాన్ని. ఒకరోజు అలా చూస్తుంటే ఒక సంగతి తట్టింది. హొన్నూరమ్మ వాళ్లమ్మ పేరేమిటి? విడపనకల్లులో అంతసేపు కూర్చుని అది అడగనేలేదు. అడిగి ఉంటే పెద్దవ్వ చెప్పేది. ఆమెకు తల్లిని కన్న బళ్లారి పక్క అవ్వ బాగా గుర్తని మాటల్లో అన్నది కూడా. ఈసారి పోయినప్పుడు అడుగుదాంలే అనుకుని, హొన్నూరమ్మ పేరు పైన ఒక గీత గీసి ఖాళీగా వదిలాను. ఉగాది దాటిన తర్వాత పెద్దవ్వ పోయిందని కబురొచ్చింది. తాత ఒక్కడే వెళ్లొచ్చాడు.

ఆ నోటుబుక్కు తర్వాత ఎన్నో పుస్తకాలైంది. అమ్మ పక్క వాళ్లవి, నా అత్తగారి పక్క వాళ్లవి రాసుకుంటూ పోయాను. బళ్లారి పక్క ఊళ్లలో తిరిగి, తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ అడిగాను. ఆ ఒక్క గీత మాత్రం నిండలేదు. అందుకే ఇప్పుడు పెళ్లికి పోయినా, చావుకు పోయినా, ఆ ఇంట్లో అందరికన్నా పెద్దామె ఎక్కడుందో చూసుకుని ముందు ఆమె పక్కకు పోయి కూర్చుంటాను. కాస్త మాట కలిశాక అడుగుతాను, “మీ అమ్మను కన్న తల్లి పేరేంది అవ్వా?” అని. చాలామంది ఆ పేరు పలికి ఎన్నేళ్లయిందో అంటూ పలుకుతారు. నేను రాసుకుంటాను, ఎవరు చెప్పారో పక్కన రాస్తాను.